గుర్రం మీది మనిషి కాళ్ళకు జోళ్ళున్నాయి

నా కుడికాలు ఇప్పుడు సగమే ఉంది. మడమ ఉంది, పాదంలో సగం ఉంది, వేళ్ళు లేవు. ఈ సంగతి ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకు ఏమవుతుందోనన్న బెంగ ఉండదు. బతికాను. ఒడిశా ఒడ్డున మా తెలుగు పల్లె పొడంపేటలో, ఇంటి అరుగు మీద కూర్చుని, మనవరాలు జ్యోతి సగం రాసి వదిలేసిన కాలేజీ నోటుపుస్తకంలో మిగిలిన కాగితాల మీద ఇది రాస్తున్నాను. రామయ్యపట్నంలో అమ్మమ్మగారింట ఉండి మూడో తరగతి వరకు చదివాను. తరువాత చేపలబుట్ట ఎత్తుకున్నాను. తప్పులుంటే జ్యోతి దిద్దుతుంది.

కాలిపుండుతో ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట ఇక్కడే చెబుతాను. నొప్పి లేదంటే తగ్గిందని కాదు. మిగతాది తీరిగ్గా చదవండి.

భాద్రపదం

మాది ఎండుచేపల పని. వాడలో ఆడవాళ్ళం ఏడెనిమిది మందిమి ఏటి మొగ దగ్గర ఇసుక మీద పాత వలలు పరిచి, వాటి మీద నెత్తళ్ళు, కవళ్ళు ఎండబెడతాం. ఆ చోటును కళ్ళం అంటాం. కళ్ళంలోకి ఎవరూ చెప్పులతో రాకూడదు. కడుపు నింపే చేపను పరిచిన చోట చెప్పుకాలు పెట్టడమేమిటని మా అత్త చెప్పేది. నేను అంతకంటే గట్టిగా చెప్పేదాన్ని. నాతో పాటు కళ్ళం చేసే పోలమ్మ కోడలు సరస, పెళ్ళయిన కొత్తలో రబ్బరు చెప్పులతో వస్తే, ఆ చెప్పులు ఊడదీయించి సముద్రంలోకి విసిరాను.  ఆ పిల్ల నాతో మాట్లాడడమే మానేసింది.

ఆ కళ్ళంలోనే, నెత్తళ్ళలో కలిసిపోయిన ఎండుజెల్ల ముల్లు నా కుడికాలి బొటనవేలి మొదట్లో దిగింది. జెల్ల ముల్లు దిగితే వేట పడవలు నడిపే మగవాళ్ళు కూడా ఏడుస్తారు. నాకు చీమ కుట్టినంత కూడా లేదు. పీకి పారేసి పనిలో పడ్డాను. పోలమ్మ నోరెళ్ళబెట్టి చూసింది. నాకు లోపల గర్వంగా అనిపించింది. సుగరు నా కాలి తెలివిని ఎప్పుడో తినేసిందని అప్పటికి నాకు తెలియదు. నాలుగేళ్ళుగా మాత్రలు ఇస్తున్నారు. ఒక పట్టీ ఎక్కువ రోజులు రావాలని రోజు విడిచి రోజు వేసుకునేదాన్ని.

పసుపు పెట్టాను. రోజూ పొద్దున్నే అలల్లో కాలు పెట్టి నిలబడ్డాను. ఉప్పునీళ్ళ ఒడ్డున పుట్టినవాళ్ళకు ఉప్పునీళ్ళే పుండు మాన్పుతాయని మా వాడలో అందరికీ నమ్మకం. నొప్పి లేదు కాబట్టి మానుతోందనుకున్నాను. వాసన వచ్చే ఉంటుంది. ఎండుచేపల ఇంట్లో ఆ వాసన ఎవరు పట్టగలరు?

పట్టింది జ్యోతి. నా కొడుకు కేరళలో పడవల మీద పని చేస్తాడు. వాడి కూతురు బరంపురంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. సెలవుకు వచ్చి నా పక్కన కూర్చుని అన్నం తింటూ చెయ్యి ఆపింది.

"మామ్మా, ఇది సేప వాసన కాదు. కాలు ఇలా పెట్టు."

దసరా పాడ్యమి

బరంపురంలో పెద్దాసుపత్రికి ముగ్గురం వెళ్ళాం. నేను, జ్యోతి, నా కోడలు గురమ్మ. నాకు ఒక జత మంచి చెప్పులున్నాయి. ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు మాత్రమే సంచిలో పెట్టుకుని, బస్సెక్కేచోట వేసుకుంటాను. అందుకే వాటి అడుగు ఇంకా అరగలేదు. ఆ రోజు కుడిచెప్పు కాలికి పట్టలేదు.

చీటీ తీసుకుని హాల్లో కూర్చున్నాం. మా ముందు ఎంతమంది ఉన్నారో లెక్క తెలియదు, బెంచీలు చాలక గోడవార కూడా కూర్చున్నారు. నా పక్కన ఛత్రపురం వైపు నుంచి వచ్చిన ఒడియా ముసలమ్మ, కాలు వాచి. ఆమె తన తాటాకు విసనకర్రతో ఒకసారి తనకు, ఒకసారి నాకు విసురుతోంది. అడగలేదు, చెప్పలేదు, అలా విసురుతూనే ఉంది.

పొద్దు గడవక జ్యోతి సంచిలోంచి ఒక గుడ్డమూట తీసింది. అందులో బొమ్మల కార్డులు.

"పేకాటేటే ఆసుపత్రిలో?" అన్నాను.

"పేక కాదు మామ్మా, జోస్యం సెప్పే కార్డులు. టారో. హాస్టల్లో పిల్లలు పరీచ్చల గురించి, పెళ్ళిళ్ళ గురించి అడుగుతారు. ఎడమసేత్తో ఒకటి తియ్యి."

తీశాను. జ్యోతి దాన్ని చూసి, నాకు చూపించకుండా కట్ట అడుగున పెట్టేసింది. "ఇది తిరగబడిపోనాది. ఇంకోటి తియ్యి."

"నాకాడేటే ఆ పని? సెడిపోయిన సేప కింద పెట్టి మంచిది పైన పేరిసే ఏపారంలో నాను తల నెరిపినాను. తియ్యి బయటికి."

తీసింది. తెల్లగుర్రం మీద ఎముకల మనిషి. కింద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది.

"ఏటని రాసినారు?"

జ్యోతి గొణిగింది. "డెత్."

గురమ్మకు ఆ మాట తెలుసు.  "ఓలి నీ సదువు సట్టుబండలు కాను, ముసిలమ్మకి సావు సీటీ సేతికిచ్చినావేటే? ఇక్కడ కాలికి కత్తి ఏత్తే మరి లేవదని సెప్తన్నాది కదే ఆ బొమ్మ."

"అలాటిది కాదమ్మా. సావు అని దానికి అర్తం కాదు. ఒకటి ముగిసి ఇంకోటి మొదలవుతాదని. ఆకు రాలితే సిగురు రాదేటి, అలాగ."

నాకు నవ్వు వచ్చింది. "పుర్రె గీసి సావు కాదంటే ఎలాగే? జెల్లని సూపించి సందువా అని సెప్తే ఎవులు కొంటారు?"

కానీ బొమ్మను వదలబుద్ధి కాలేదు. దగ్గరగా పెట్టుకుని చూశాను. గుర్రం కాళ్ళ దగ్గర ఒక రాజు వెల్లకిలా పడి ఉన్నాడు, కిరీటం పక్కన పడి ఉంది. పసుపుబట్టల పూజారి చేతులు జోడించి నిలబడ్డాడు. ఒక ఆడపిల్ల తల పక్కకు తిప్పుకుంది. ఆమె పక్కన పసిపిల్ల మాత్రం పువ్వులు పట్టుకుని గుర్రాన్నే చూస్తోంది. ఎముకల మనిషి చేతిలో నల్లజెండా, దాని మీద తెల్లపువ్వు. వెనకాల ఏరు, ఏటిలో చిన్న పడవ. ఇంకా వెనకాల రెండు బురుజుల మధ్య పొద్దు.

"ఈ పువ్వేటి?"

"మిగిలేది అంట మామ్మా. అన్నీ పోయినా పోనిది."

"రాజెందుకు పడ్డాడు?"

"పదవిని సూసి అది ఆగదని."

"మరి పొద్దు పొడుత్తన్నాదా, కుంకుతన్నాదా?"

జ్యోతి తడుముకుంది. "పొడుత్తందనే రాసినారు."

"రాసినోడు సూసినాడేటి?"

ఒడియా ముసలమ్మ కూడా వంగి చూసింది. విసరడం ఆపి, తన భాషలో అంది, "ఇంత మంచి గుర్రం తీసుకుని ఎదురొస్తే నేను ఎక్కి వెళ్ళిపోతాను. ఈ కాళ్ళతో బస్టాండు దాకా నడవలేను." మా బెంచీ మీద అందరూ నవ్వారు. గురమ్మ నవ్వలేదు.

నేను ఇంకోటి గమనించాను. ఆ ఎముకల మనిషి కాళ్ళకు ఇనప జోళ్ళున్నాయి. చచ్చినవాడికే జోళ్ళున్నాయి, నాకు లేవు అనుకున్నాను. ఆ మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

మా పేరు పిలిచారు. చిన్న వయసు డాక్టరమ్మ. పుల్లతో నా వేళ్ళ మీద గీసి, "తెలుస్తోందా మావుసీ?" అని ఒడియాలో, పిన్నీ అని పిలుస్తూ, అడిగింది. ఏదీ తెలియలేదు. రెండువేళ్ళు తీసేయాలని, ఈ వారంలోనే తీసేయాలని చెప్పింది. ఆలస్యమైతే ఎక్కువ పోతుందని కూడా చెప్పింది. ఆ మాట ఆమె స్పష్టంగా రెండుసార్లు చెప్పింది. వినలేదని నేను అనను.

"కార్తీకంలో వొత్తాను," అన్నాను.

గురమ్మ నాకంటే ముందు లేచింది. బయటికి వచ్చాక జ్యోతి ఏడ్చింది. గేటు దగ్గర నన్ను పట్టుకుని ఆపింది. "మామ్మా, ఆ కార్డు వల్లేనా?"

"అవును. వొద్దని సెప్పింది కదా," అన్నాను.

అది అబద్ధం. దాని సంగతి తరువాత చెబుతాను.

ఇంట్లో పది రోజులు

ఆ కార్డును నేను ఇంటికి తెచ్చుకున్నాను. "నాకాడ ఉంచు, ఇంకా సూడాలి," అంటే జ్యోతి ఇచ్చేసింది. కట్టలో డెబ్బై ఎనిమిది ఉంటాయట. ఒకటి లేకపోతే ఏం ములిగిపోతుంది?

గురమ్మ దాన్ని పొయ్యిలో వేయమంది. నేను దాన్ని కళ్ళద్దాల డబ్బాలో పెట్టుకున్నాను. కళ్ళంలో బుట్టబోర్లించి దాని మీద కూర్చుని, కాలికి గుడ్డ చుట్టుకుని, బేరాల మధ్య దాన్ని తీసి చూసేదాన్ని. నాకు చావు భయం కంటే ఆ బొమ్మ గీసినవాడి బుర్రలో ఏముందో తెలుసుకోవాలన్న యావ ఎక్కువైంది. మనుషులకు బెదురు పుట్టించాలనుకుంటే పడవ ఎందుకు గీశాడు? ఆ పడవకు తెరచాప ఎత్తి ఉంది. పూర్వం మా వాళ్ళు తెల్లవారకముందు ఒడ్డుగాలికి చాప ఎత్తి వెళ్ళేవాళ్ళు, పొద్దు వాలేవేళకు సముద్రపుగాలికి తిరిగి వచ్చేవాళ్ళు. ఆ పడవ వెళ్తోందో వస్తోందో తెలిస్తే పొద్దు పొడుస్తోందో కుంకుతోందో చెప్పేయవచ్చు. ఎంత చూసినా తెలియలేదు.

పోలమ్మకు చూపించాను.

"జెండా పట్టుకున్నాడంటే వల ఏసినాడు," అంది ఆమె, చేపలు తిరగేస్తూనే. బొమ్మ వంక సరిగ్గా చూడను కూడా లేదు.

ఆ మాట నాకు ఎందుకు తోచలేదో అర్థం కాలేదు. సముద్రంలో వల వేశాక కొసకు బెండు కట్టి, బెండుకు వెదురు గుచ్చి, వెదురుకు నల్లగుడ్డ కడతారు. తెల్లగుడ్డ కడితే నురగలో కలిసిపోతుంది. నలుపైతే ఎంత దూరానికైనా కనబడుతుంది. ఇక్కడ వల ఉంది, చుట్టు తిరిగి పో, అని దానికి అర్థం. నా పెనిమిటి ఉన్నన్నాళ్ళు ఆ జెండాలన్నీ నేనే కుట్టాను, పాతగొడుగుల గుడ్డతో. చిరిగిన గొడుగు మా ఇంట్లో ఒక్కటీ పారేయలేదు.

అలా కూర్చుని ఉంటే ఒక పాత సంగతి గుర్తొచ్చింది. ఒకసారి ఆయన వల, నీళ్ళ అడుగున ఏదో శిథిలానికి పట్టుకుంది. లాగిన కొద్దీ పడవ ఒరిగిపోతోంది. సగం వల కోసి వదిలేసి ఇంటికొచ్చాడు. కొత్త వల. మూడు రోజులు తిట్టాను. మూడోరోజు ఆయన అన్నం తింటూ అన్నాడు, "సగం వల తెచ్చినాను. నన్ను కూడా తెచ్చుకున్నాను. దాని గురించి ఒక్క మాట అనవేటే." మళ్ళీ కాసేపటికి, "అక్కడ బెండుకి ఎదురు గుచ్చి జెండా కట్టి వొచ్చినాను. ఇంకొకడి వల పోకుండా," అన్నాడు. నేను అప్పుడు జెండా పోయినందుకు కూడా తిట్టాను.

అది గుర్తొచ్చింది పదోరోజున. అప్పటికి రెండు రోజులుగా వణుకు జ్వరం. కాలు చూసుకున్నాను. నలుపు వేళ్ళు దాటి పాదం మీదికి పాకింది. దసరాకు బేరం మంచి జోరుగా ఉంది. బుట్ట నింపిన పోలమ్మ నా మొహం చూసి, "ఏటప్పా, అలగున్నావు?" అంది.

"వల పట్టుకున్నాదే పోలీ. నాను బరంపురం ఎల్తాను," అన్నాను.

విజయదశమి, ఆ తరువాత

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. గుడ్డ విప్పి చూసి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. రెండు వేళ్ళతో పోయేది ఇప్పుడు సగం పాదం పోతుందని, ఇవాళ కూడా వద్దంటే మోకాలి దాకా మాట్లాడాల్సి వస్తుందని చెప్పింది.

నేను సంచిలోంచి కార్డు తీసి ఆమెకు చూపించాను. నర్సులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అమ్మా, నువ్వు చదువుకున్నదానివి. ఈ పొద్దు పొడుస్తోందా, కుంకుతోందా?" అని ఒడియాలో అడిగాను.

ఆమె కార్డు చేతిలోకి తీసుకుని నిజంగానే చూసింది. ఆ మర్యాద నేను మరచిపోను. "మావుసీ, నేను నిన్న పొద్దుట డ్యూటీ ఎక్కాను. నాకు రెండూ ఒకేలా కనిపిస్తాయి," అంది.

ఒప్పుదల కాగితం మీద వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాను. మూడో తరగతి అందుకు పనికొచ్చింది.

కోత గురించి రాయడానికేమీ లేదు, నాకు తెలియదు. లేచాక లేని వేళ్ళు దురద పెట్టాయి, అది మాత్రం వింత. ముల్లు దిగినప్పుడు తెలియని వేలు, పోయాక దురదపెట్టడమేమిటని డ్రెస్సింగు చేసే ఆవిణ్ణి అడిగాను. అందరూ అదే అడుగుతారంది. కట్టు బిగించేసింది.

వార్డులో పక్కమంచం మీద ఎవరనుకున్నారు? విసనకర్ర ముసలమ్మే. ఆమె నన్ను చూసి, "గుర్రం ఎక్కలేదా ఇంకా?" అంది. "నీకోసం ఆపాను," అన్నాను. ఆమె విసరడం మొదలుపెట్టింది.

గురమ్మ రోజూ గంజి తెచ్చేది. నేను వార్డులో ఉన్న ఇరవై రోజుల్లో జ్యోతితో ఒక్కసారే మాట్లాడింది. కూతురు ఒక వైపు వస్తే తల్లి ఇంకో వైపు వెళ్ళిపోయేది. "నీ బొమ్మ ఆ రోజు రాకపోతే ముసిలమ్మ ఆ వారమే కోయించుకునేది. రెండు కాలివేళ్ళతో పోయేది," అని ఒకసారి వార్డు మధ్యలో అంది.  మర్నాడు జ్యోతి కార్డులమూట తెచ్చి నా మంచం మీద పెట్టింది. మొహం పీక్కుపోయి ఉంది.

"ఆ ఒక్కటీ ఇచ్చెయ్యి మామ్మా. అన్నీ కలిపి ఏట్లో పడేత్తాను."

"కొన్న వస్తువు పడేత్తావేటే? కూకో."

కూర్చుంది. గురమ్మ కూడా గుమ్మంలో ఉంది, వినాలనే గట్టిగా చెప్పాను.

"నాను ఎల్లిపోయింది కార్డు సూసి కాదు. నవరాత్రుల బేరం సూసి. దసరా ఎనకాల కుమార పున్నమి దాటితే ఒడియావోళ్ళకి కార్తీకం, నీసు ముట్టరు. సేప కొనేవోడు ఉండడు. ఎలాగూ పనిలేని నెల కదా, అప్పుడు మంచమెక్కుదామనుకున్నాను. జబ్బుకి కూడా సీజను సూసినాను. అది ఒకటి. రెండోది, భయం. కాలు లేనిదాన్ని కళ్ళంలో ఎవులు లెక్కెడతారని. ఆ మాట సెప్పడానికి సిగ్గేసింది. నీ బొమ్మ సేతికి దొరికింది. దాని మీదికి తోసేసినాను."

జ్యోతి కార్డులమూట పక్కకు జరిపింది. "పది రోజులు నాను అన్నం తినలేదు మామ్మా," అంది.

"తెలుసు. అందుకే సెప్తన్నాను. నాను సెప్పిన అబద్దం నీ మీద పడ్డాది."

గురమ్మ లోపలికొచ్చి గంజిగిన్నె మూత తీసింది. రెండు గ్లాసుల్లో పోసింది. ఒకటి నాకు ఇచ్చింది, ఇంకోటి కూతురి ముందు పెట్టింది.

మాఘం

ఇప్పుడు మడమ మీద నడుస్తున్నాను, కర్ర సాయంతో. ఆసుపత్రిలో సగం కాలికి సరిపడే జోడు ఒకటి కుట్టించి ఇచ్చారు. మాత్రలు రోజూ వేసుకుంటున్నాను. రాత్రి పడుకునే ముందు జ్యోతి చెప్పినట్టు అద్దం నేల మీద పెట్టి ఎడమకాలి అడుగు చూసుకుంటాను. మీకు సుగరు ఉంటే మీరూ చూసుకోండి. అద్దం లేకపోతే ఇంట్లో ఎవరినైనా చూడమనండి, సిగ్గు పడకండి.

కార్డు నా దగ్గరే ఉంది. జ్యోతి అర్థం నేను ఒప్పుకున్నానా అంటే, సగం. చావు కాదు అంటే ఒప్పుకోను, నాది కొంత చచ్చింది, దాన్ని ఏ బుట్టలో పెట్టి ఎక్కడికి పంపారో కూడా అడిగి తెలుసుకున్నాను. కానీ జెండా విషయంలో బొమ్మ గీసినవాడి కంటే పోలమ్మకే ఎక్కువ తెలుసని నా నమ్మకం. పొద్దు సంగతి ఇంకా తేలలేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

మొన్న కళ్ళానికి వెళ్ళాను, జబ్బు పడ్డాక మొదటిసారి. పాతగొడుగు విప్పి ఒక నల్లజెండా కుట్టుకుని వెళ్ళాను. ఎండిన చేపను ఏరి ముళ్ళూ తలలూ పోసే మూల ఒకటుంది, ముల్లు దిగింది ఆ పక్కనే. అక్కడ వెదురు పాతించి జెండా కట్టించాను. ఆడవాళ్ళందరినీ పిలిచి, రేపటి నుంచి కళ్ళంలోకి చెప్పులు లేకుండా ఎవరూ దిగకూడదన్నాను. కళ్ళానికి వేరే జత ఉంచుకోవాలి, సముద్రపు నీళ్ళతో కడిగి ఈ వెదురు కిందే వదలాలి, ఇంటికి తీసుకెళ్ళకూడదు.

పోలమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "నలభై ఏళ్ళు మమ్మల్ని ఉత్తికాళ్ళతో తిప్పి, ఇప్పుడు జోళ్ళా? మీ అత్త ఉంటే నీ రెండో కాలు కూడా ఇరగ్గొట్టును."

"మా అత్తకి సుగరు లేదు," అన్నాను.

సరస వెనకాల నిలబడి ఉంది. సంచిలోంచి నా మంచి చెప్పులు తీశాను. జతే, రెండూ. అడుగు అరగలేదు. కుడిది ఇక నాకు పనికి రాదు, ఒంటిచెప్పు దాచుకుని ఏం చేస్తాను? ఆ పిల్ల ముందు పెట్టాను.

సరస చెప్పుల వంక చూసింది, సముద్రం వంక చూసింది.

"మళ్ళీ ఇసిరేత్తావేమో."

"ఇసిరితే ఎల్లి తెచ్చుకోడానికి నాకు కాలేది? ఏసుకో."

వేసుకుంది. కొంచెం పెద్దవే, అయినా వేసుకుని వల మీదికి దిగి, నెత్తళ్ళు తిరగేయడానికి వంగింది. అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా చెప్పు మడమకు కొట్టుకుని చప్పుడు. మా కళ్ళంలో ఆ చప్పుడు నా జన్మలో ఎన్నడూ వినలేదు. చెవికి బాగాలేదు. తల తిప్పుకోకుండా ఆ పిల్ల కాళ్ళనే చూస్తూ కూర్చున్నాను.